వైపర్లు వేసి మలుపు తిరిగే జాతి

డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో లాంటి ఊళ్లలో, చినుకన్నది లేని మండుటెండలో, వైపర్లు టపటపా ఆడించుకుంటూ ఒక కారు మలుపు తిరుగుతోందంటే లోపలున్నది మనవాడేనని, దిగి ఇంకా నెల నిండలేదని కళ్లు మూసుకుని చెప్పొచ్చు. మన దగ్గర చాలా కార్లకు ఇండికేటర్ స్టీరింగుకి కుడిపక్కన, వైపర్ ఎడమపక్కన ఉంటాయి. అక్కడ తిరగేసి పెట్టారు. మనవాడు సిగ్నల్ ఇచ్చాడు. చిత్తశుద్ధితో ఇచ్చాడు. వెనకున్నవాడికి అందలేదంటే ఆ తప్పు కారు తయారుచేసినవాడిది. దీనికి డ్రైవింగ్ పరీక్షలో మనవాడి మార్కులు కొయ్యడం ఏం న్యాయమో టెక్సస్ ప్రభుత్వం తీరిగ్గా ఆలోచించుకోవాలి.

రాత పరీక్ష ఊసెత్తడం అనవసరం. 30 ప్రశ్నలు, 21 సరిపోతే పాస్. ఎంసెట్‌లో మూడు గంటలు కూర్చుని 160 బిట్లు దిద్దినవాళ్ల ముందు 30 ప్రశ్నలు పెట్టడమే చిన్నచూపు. రూమ్మేట్లు వాట్సాప్‌లో పంపిన ప్రశ్నల్ని ముందురోజు రాత్రి ఒకసారి తిరగేసి వెళ్తారు. స్కూల్ బస్సు ఎర్ర లైట్లు వేసుకుని ఆగితే ఏం చేయాలి అంటే "ఆగాలి" అని పెట్టేస్తారు. ఎందుకాగాలి అన్నది సిలబస్‌లో లేదు కాబట్టి మనకెందుకు.

అన్యాయమంతా రోడ్డు పరీక్షలో ఉంది. పరీక్షకి కారు మనమే తీసుకెళ్లాలి. ఎగ్జామినర్ ముందు కారు చుట్టూ తిరిగి బ్రేకు లైట్లు, సిగ్నల్ లైట్లు చూస్తాడు. తర్వాత హారన్ ఒకసారి కొట్టమంటాడు. మనవాడి మొహం వెలిగిపోతుంది, ఇన్నాళ్లకు తనకు బాగా వచ్చిన ప్రశ్న పడిందని. పాపం, అదే ఆఖరు. ఆ తర్వాత నెలలు గడిచినా మళ్లీ దాని మీద చెయ్యి పడదు. "నేనున్నాను", "వస్తున్నాను", "ఓవర్‌టేక్ చేస్తున్నాను", "చేశాను, వస్తా మరి" అని మనం ఒక్క మీటతో చెప్పుకునే మాటలన్నీ అక్కడ తిట్టు కింద లెక్క.

ఇక పక్కనే ఆపి ఉన్న రెండు బళ్ల మధ్య రివర్సులో కారు దూర్చే పార్కింగ్. మన దేశంలో రివర్స్ అనేది ఇద్దరు మనుషుల పని. వాచ్‌మన్ వెనక నిలబడి "లెఫ్ట్ కొట్టు... రానీ, రానీ, ఇంకా ఉంది... బస్" అని డిక్కీ మీద రెండు దెబ్బలు వేస్తే మనం బ్రేకు వేస్తాం. ఆ వాచ్‌మన్ లేకుండా పరీక్ష పెట్టి, రాలేదని ఫెయిల్ చేయడం ఏ దేశ న్యాయం? అతన్ని కూడా వీసా మీద పిలిపించుకోనిస్తారా?

అన్నిటికన్నా విడ్డూరం మెడ. సీనియర్లు జూనియర్లకు అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఆదివారం పూట ఇచ్చే కోచింగ్‌లో సగం కాలం దీనికే పోతుంది. "అద్దంలో చూశాను అంటే కుదరదు తమ్ముడూ. నువ్వు చూసినట్టు ఎగ్జామినర్‌కి కనపడాలి. మెడ తిప్పు. ఇంకా తిప్పు. గడ్డం భుజానికి తగలాలి." అదే కాలనీలో శనివారాలు కూచిపూడి క్లాసులకు వెళ్లే పిల్లలు మెడను ఇంతకన్నా తక్కువే తిప్పుతారు. స్టాప్ బోర్డు దగ్గర కూడా అంతే. గీతకి ముందే చక్రం పూర్తిగా ఆగాలి అన్నది చట్టం. మనసులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాలి అన్నది మనవాళ్ల కోచింగ్. చట్టంలో అంకెలేమీ లేవు. కానీ మనకి అంకె లేనిదే నమ్మకం కుదరదు.

లైసెన్సు చేతికొచ్చాక కథ ముగిసిందనుకుంటారు. నాలుగు వైపులా స్టాప్ బోర్డులున్న కూడలి ఒకటుంటుంది. ముందొచ్చినవాడు ముందు పోవాలి. ఇద్దరు ఒకేసారి వస్తే కుడిపక్కవాడికి దారివ్వాలి. రాసుకోవడానికి బాగానే ఉంది. ఒక సాయంత్రం ఎదురెదురుగా రెండు కార్లు ఒక్క క్షణంలో వచ్చి ఆగుతాయి. మనవాడు ఎడమకు తిరగాలి. ఎదుటున్న అమెరికన్ పెద్దావిడ మర్యాదగా హెడ్‌లైట్లు ఒకసారి వేసి ఆర్పుతుంది. ఆవిడ ఉద్దేశం "నువ్వు పో నాయనా" అని. మన హైవేల మీద హెడ్‌లైటు కొట్టాడంటే "నేనాగను, నీ ప్రాణం నీ ఇష్టం" అని. మనవాడు గభాల్న బ్రేకు మీద ఇంకా గట్టిగా నొక్కి నిలబడతాడు. ఆవిడ మళ్లీ కొడుతుంది. వీడు ఇంకొంచెం వణుకుతాడు. తగువు తీరకపోతే ఇద్దరికీ మర్యాద గుర్తొచ్చి చెరో చెయ్యి ఊపుతారు, చెరో అడుగు ముందుకేస్తారు, మళ్లీ చెరో బ్రేకు వేస్తారు. వెనక నాలుగు కార్లు ఆగి ఉంటాయి. ఒక్కడూ హారన్ కొట్టడు. మన ఊళ్లో అయితే ఈపాటికి ఇద్దరూ కారు దిగి, ఒక పరిష్కారానికి వచ్చి, వెళ్లిపోయి కూడా ఉండేవారు.

ఈ విషయంలో నిష్పక్షపాతంగా మాట్లాడగలిగినవారు ఒక్కరే, ఆరు నెలల విజిట్ మీద వచ్చిన మామగారు. రాత్రి పదకొండుకి భోజనాల నుంచి తిరిగొస్తుంటే అల్లుడు రెడ్ లైటు దగ్గర కారు ఆపుతాడు. కనుచూపు మేరలో పిట్ట లేదు. "పోనీ బాబూ, ఎవరూ లేరుగా" అంటారాయన.

"రెడ్ ఉంది మామయ్యగారూ."

"కెమెరా ఉందా?"

టెక్సస్‌లో రెడ్ లైటు కెమెరాల్ని 2019లో చట్టం చేసి నిషేధించారు. ఈ సంగతి అల్లుడు చెప్పగానే ఆయనకు కలిగే బాధ చూడలేం. కెమెరా లేదు, కానిస్టేబుల్ లేడు, అడిగేవాడు లేడు, ఇంజనీరింగ్ చదివిన కుర్రాడు దీపం వంక చూస్తూ కూర్చున్నాడు. కూతుర్ని ఎవరి చేతిలో పెట్టామా అన్న అనుమానం ఆయనకు మొదటిసారి అక్కడే వస్తుంది. అల్లుడు మాత్రం పౌరధర్మం అనడు. టికెట్ పడితే ఇన్సూరెన్స్ ప్రీమియం పెరుగుతుందంటాడు. ఆగిన స్కూల్ బస్సుని దాటితే మొదటిసారికే జరిమానా 500 డాలర్ల నుంచి 1,250 దాకా అని కూడా చెప్తాడు. కింది అంకెనే మామగారు రూపాయల్లోకి మార్చి, నలభై వేలు దాటిందని తెలిశాక సర్దుకుని కూర్చుంటారు. పద్ధతి ఇప్పుడు అర్థమైంది. భక్తి కాదు, భయమే. కాకపోతే రేటు బాగా పెట్టారు.

అదే అల్లుడు డిసెంబరులో శంషాబాద్‌లో దిగి, మూడో రోజుకి బావమరిది కారు తీసుకుని, యూ టర్న్ కిలోమీటరు అవతల ఉందని తెలియగానే నిమిషం ఆలోచించకుండా రాంగ్ రూట్‌లో పోనిస్తాడు. మెడ తిప్పడు. మూడు లెక్కపెట్టడు. ఎదురొచ్చే ఆటోవాడి మీద హెడ్‌లైట్లు కొడతాడు, ఈసారి మన అర్థంలోనే. అంటే పాత విద్య ఎక్కడికీ పోలేదన్నమాట. దీనికి అక్కడ క్రెడిట్స్ ఇవ్వకపోవడం మేధో వివక్ష.

కాబట్టి నా ప్రతిపాదన ఒక్కటే. ఇచ్చిపుచ్చుకుందాం. మన పిల్లలు వాళ్ల పరీక్ష రాసినట్టే వాళ్ల ఎగ్జామినర్‌ని ఒక సాయంత్రం కోఠిలో మనవాడు నడిపే కారులో కూర్చోబెట్టాలి. ముందున్న లారీ కుడి ఇండికేటర్ వేస్తే అది కుడికి తిరుగుతున్నట్టా, మనల్ని దాటుకుపొమ్మన్నట్టా అన్నది మొదటి ప్రశ్న. క్లీనర్ కుర్రాడి చెయ్యి చూసి చెప్పాలి, ఇండికేటర్ చూసి కాదు. 30 మార్కులకు మించి పోతే ఫెయిల్ అన్న వాళ్ల లెక్క ప్రకారమే ఆయన మనవాడికి మార్కులు కోసుకుంటూ రావచ్చు, మాకేం అభ్యంతరం లేదు. కారు పార్కింగ్‌లోంచి బయటపడేలోపే ఆయన ప్యాడ్ మీద కాగితం అయిపోతుంది. కంగారేం లేదు, పక్కనే జిరాక్స్ షాపుంది. కాపీ రెండు రూపాయలు.