బినోదిని కథ: ఫార్వర్డ్‌లో ఉన్నదీ, ఆమె రాసుకున్నదీ

మా అక్క కూతురు కాలేజీలో ఏకపాత్రాభినయం పోటీకి పేరిచ్చింది. పాత్ర నటీ బినోదిని, అంటే పందొమ్మిదో శతాబ్దంలో కలకత్తా స్టేజీ మీద వెలిగిన బెంగాలీ నటి. టైము పన్నెండు నిమిషాలు. స్క్రిప్టు నాకు పంపించి, "మావయ్యా, కాస్త భాష చూసి పెట్టు, చాలు" అంది. భాషకేం, బాగానే ఉంది. పేచీ అంతా విషయంతోనే. చాన్నాళ్లుగా వాట్సాప్‌లో తిరుగుతున్న ఒక ఫార్వర్డ్‌ని సాగదీసి రాసిన స్క్రిప్టు అది. మీకూ వచ్చే ఉంటుంది. దాని సారం ఇదీ:

"భారతదేశపు మొట్టమొదటి రంగస్థల నటి బినోదిని. థియేటర్ కట్టడం కోసం తన శరీరాన్నే అమ్ముకుంది. దానికి తన పేరు పెడతామని చెప్పి మోసం చేశారు. ఆ దుఃఖంతో నాటకాలు మానేసింది. రామకృష్ణ పరమహంస ఆశీర్వాదంతో సన్యాసిని అయిపోయింది. ఆమె ఆత్మకథ కూడా నిజానికి గురువు గిరీశ్ ఘోష్ రాసిందే. 141 ఏళ్ల తర్వాత, ఆమె కట్టించిన ఆ థియేటర్‌కే ఆమె పేరు పెట్టారు."

ఏడు వాక్యాలు. ఇందులో నిఖార్సైన నిజం ఒక్కటే, మూడోది. మిగతావాటిలో కొన్ని సగం నిజాలు, కొన్ని శుద్ధ అబద్ధాలు. బినోదిని తన కథ తానే బెంగాలీలో రాసుకుంది. రిమ్లీ భట్టాచార్య చేసిన ఇంగ్లీష్ అనువాదం 1998లోనే వచ్చింది. అది తెరిచి చూసి ఉంటే సగం తగువు అక్కడే తీరిపోయేది.

"మొట్టమొదటి నటి." ఇది తేలిగ్గా తేలిపోయే ముక్క. కలకత్తాలో బెంగాల్ థియేటర్ వాళ్లు 1873 ఆగస్టులో మైకేల్ మధుసూదన్ దత్ 'శర్మిష్ఠ' ఆడినప్పుడే నలుగురు ఆడవాళ్లను తీసుకున్నారు: జగత్తారిణి, గోలాప్, ఎలోకేశి, శ్యామ. వేశ్యావాటికల నుంచి నటుల్ని తేవడం నచ్చక విద్యాసాగర్ అంతటివారు ఆ థియేటర్ కమిటీ నుంచి తప్పుకున్నారు. అప్పటికి బినోదినికి పదేళ్లు. ఆమె గ్రేట్ నేషనల్ థియేటర్లో నెలకు పది రూపాయల జీతానికి చేరి, స్టేజీ ఎక్కింది 1874లో. మొదటి వేషం 'శత్రుసంహార్'లో ద్రౌపది చెలికత్తె. ఇంకా వెనక్కి వెళితే 1795లోనే లెబెదెవ్ అనే రష్యావాడు కలకత్తాలో ఆడవాళ్లతో బెంగాలీ నాటకం వేయించాడు. పోనీ కలం పట్టిన మొదటి నటి అందామా అంటే, పై నలుగురిలో గోలాప్ (పెళ్లయ్యాక సుకుమారీ దత్) 1875లోనే ఒక నాటకం అచ్చువేయించింది.

"శరీరాన్ని అమ్ముకుంది." ఇక్కడ కాస్త ఆగాలి. మా అమ్మాయి స్క్రిప్టులో ఈ ఒక్క ముక్కకే మూడు నిమిషాలు, ఏడుపుతో సహా.

బినోదిని రాసుకున్న ప్రకారం జరిగింది ఇదీ. అప్పుడామె నేషనల్ థియేటర్లో పనిచేస్తోంది. ఓనరు ప్రతాప్ చంద్ జహురీ అనే వ్యాపారి. పదిహేను రోజులు సెలవు పెట్టి కాశీ వెళ్లింది. అక్కడ జబ్బు చేసి నెల దాకా ఉండిపోయింది. తిరిగొచ్చాక ఆ రోజులకు జీతం ఇవ్వనన్నాడు. అంటే ఇంత కథకూ మొదలు జీతం కోత! ఇవాళ ఏ ఆఫీసులోనైనా వినపడే గొడవే. ఆమె గురువు, నటుడూ నాటక రచయితా అయిన గిరీశ్ ఘోష్‌తో సహా మిగతా నటులకూ ఆ యజమానితో పడటం లేదు. సొంత థియేటర్ పెట్టుకోవాలని అందరికీ ఉంది, చేతిలో డబ్బు లేదు. సరిగ్గా అప్పుడు గుర్ముఖ్ రాయ్ అనే కుర్ర మార్వాడీ షావుకారు వచ్చాడు. ఖర్చంతా నాది, బినోదిని నాకు కావాలి అన్నాడు.

అప్పటికే ఆమెను ఉంచుకున్న ఒక జమీందారీ యువకుడు ఉన్నాడు. ఆమెకు చెప్పకుండా సొంతూరు వెళ్లి పెళ్లి చేసుకున్నాడు. గుర్ముఖ్ రాయ్ సంగతి తెలిసేసరికి మాత్రం పౌరుషం పొడుచుకొచ్చింది. కత్తి పట్టుకుని ఆమె గదిలోకి వచ్చి ఒక్క వేటు వేశాడు. ఆమె వంగి తప్పించుకుంది. వేటు హార్మోనియం దగ్గర పడి చెక్కలోకి దిగింది. మా అమ్మాయి స్క్రిప్టులో ఈ కత్తీ లేదు, హార్మోనియమూ లేదు. "అయ్యో నా బతుకు" అన్న డైలాగు మాత్రం నాలుగుసార్లు ఉంది.

తర్వాత గుర్ముఖ్ రాయ్ ఇంకో బేరం పెట్టాడు. ఈ థియేటర్ తలనొప్పి ఎందుకు, యాభై వేలు రొక్కం ఇస్తాను తీసుకో అన్నాడు. పది రూపాయల జీతంతో మొదలైన మనిషికి, ఆ రోజుల్లో, యాభై వేలు! ఆమె వద్దంది. థియేటర్ కడితేనే అని పట్టుబట్టింది. ఇక బీడన్ స్ట్రీట్‌లో స్థలం లీజుకు తీసుకుని పని మొదలయ్యాక, హాల్లో పల్లం పూడ్చడానికి తనే గంపలతో మట్టి మోసింది. కూలీలు హుషారుగా చేయాలని గంపకు నాలుగు గవ్వల చొప్పున ఇచ్చేదట. గవ్వల లెక్క ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఆమెకు గుర్తుంది.

తోటి నటులు బతిమాలారు, నచ్చజెప్పారు, మనసు ఒప్పకపోయినా ఆమె సరేనంది. ఇందులో బలవంతం లేదని నేననను, ఆమె కూడా అనలేదు. కానీ "అమ్ముకుంది" అని ఊరుకుంటే, డబ్బు కాదని థియేటర్ కోరుకున్న మనిషి కనపడకుండా పోతుంది. అసలు ఆ ఫార్వర్డ్‌లో ఆమె నటి అన్న సంగతికి ఆధారమే లేదు చూడండి. ఒక్క పాత్ర పేరైనా ఉందా?

"పేరు పెడతామని మోసం చేశారు." ఇది నిజమే. ఆమె పేరులోని మొదటి అక్షరంతో 'బి' థియేటర్ అని పెడతామని అందరూ అన్నారు. రిజిస్ట్రీ చేయించి వచ్చినవాళ్లను ఏం పేరు పెట్టారని ఆత్రంగా అడిగింది. 'స్టార్' అన్నారు. కూలబడిపోయాననీ, రెండు నిమిషాల పాటు నోట మాట రాలేదనీ రాసుకుంది. వేశ్య పేరున్న హాలుకి పెద్దింటివాళ్లు రారేమో అన్న భయమే కారణమని సాధారణంగా చెబుతారు.

కాకపోతే స్క్రిప్టులో విలన్‌గా నిలబెట్టింది గుర్ముఖ్ రాయ్‌ని. బినోదిని వేలు చూపించింది అటు కాదు, తను నమ్మిన తోటి నటుల వైపు. హాలు తయారయ్యాక జీతానికి కూడా తనను రానివ్వకుండా చూశారనీ, రెండు నెలలు ఇంట్లోనే కూర్చోవాల్సి వచ్చిందనీ రాసింది. గుర్ముఖ్ రాయ్ కొద్ది నెలలకే వ్యాపారం వదులుకునేటప్పుడు ఆమెకు వాటా ఇస్తానన్నాడు. వద్దని ఆమె తల్లికి నచ్చజెప్పింది గిరీశ్ బాబు. చివరికి పదకొండు వేలకు థియేటర్ చేతులు మారింది. కొన్నది అమృతలాల్ మిత్ర, అమృతలాల్ బసు, దాసుచరణ్ నియోగి, హరిప్రసాద్ బసు. నలుగురూ మగవాళ్లే, నలుగురూ ఆ బృందంవాళ్లే. షావుకారుని తిట్టడం తేలిక. నాటకాల్లో సేఠ్ ఎప్పుడూ చెడ్డవాడే కదా.

"ఆ దుఃఖంతో నాటకాలు మానేసింది." తేదీలు చూస్తే చాలు. స్టార్ 1883 జూలై 21న 'దక్షయజ్ఞం'తో తెరుచుకుంది. గిరీశ్ దక్షుడు, బినోదిని సతి. ఆమె చివరిసారి స్టేజీ మీద కనిపించింది 1887 జనవరి 1న. మధ్యలో మూడున్నరేళ్లు. ఆమెకు పెద్ద పేరు తెచ్చిన వేషాలన్నీ ఈ మూడున్నరేళ్లలోవే: 1884 ఆగస్టులో 'చైతన్యలీల'లో చైతన్యుడు, తర్వాత 'బుద్ధదేవ చరిత'లో బుద్ధుడి భార్య గోప, 1886లో 'బిల్వమంగళ్'లో చింతామణి. అవును, మన కాళ్లకూరి నారాయణరావు గారి చింతామణికీ మూలం ఆ బిల్వమంగళుడి (లీలాశుకుడి) కథే. సుబ్బిశెట్టి మాత్రం అక్కడ ఉండడు.

ఒకే రాత్రి చైతన్యుడిగా ఏడిపించి, వెంటనే 'వివాహ విభ్రాట్' ప్రహసనంలో బిలాసినీ కార్‌ఫర్మా అనే ఫ్యాషన్ల చదువుకున్న పిల్లగా నవ్వించేది. అంతకుముందు బెంగాల్ థియేటర్లో ఉండగా 'మేఘనాదవధ'లో ఆమె ఒక్కతే ఏడు పాత్రలు వేసింది, ప్రమీల, సీత, రతి అన్నీ. ఏకపాత్రాభినయం చేసే పిల్లకు ఇంతకంటే మంచి సరుకు ఎక్కడ దొరుకుతుంది? ఒక్కో పాత్రకు అర నిమిషం ఇచ్చినా జనం కుర్చీల్లోంచి కదలరు.

ఎందుకు మానేసిందంటే, థియేటర్ వాళ్ల మోసాలు, మనస్తాపాలు కారణమని ఆమే అంది. పేరు సంగతి వాటిలో ఒకటి. అంతేగానీ పేరు పెట్టని మర్నాడే గజ్జెలు విప్పేసిన కథ కాదు.

"సన్యాసిని అయిపోయింది." రామకృష్ణులు 'చైతన్యలీల' చూసింది 1884 సెప్టెంబర్ 21న. "అమ్మా, నీకు చైతన్యం కలగాలి" అని దీవించారు. అది ఆమె ఎన్నడూ మరిచిపోలేదు. ఆ దీవెన తర్వాత కూడా రెండేళ్లకు పైగా మామూలుగా వేషాలు వేసింది. దేవుడి పాత్రలూ వేసింది, కొంటె పాత్రలూ వేసింది. ఆయన జబ్బుపడి శ్యామ్‌పుకూర్‌లో ఉన్నప్పుడు, తనలాంటి వాళ్లను శిష్యులు లోపలికి రానివ్వరని, దొర వేషం కట్టుకుని వెళ్లి చూసొచ్చింది. కోటూ టోపీ పెట్టుకున్న ఆ దొర ఎవరో తెలిశాక పరమహంస పకపకా నవ్వారట.

స్టేజీ వదిలాక ఆమె వెళ్లింది ఆశ్రమానికి కాదు. ఒక పెద్ద కుటుంబానికి చెందిన వ్యక్తితో, ఆయన 1912లో పోయేదాకా, కాపురం లాంటి బతుకే బతికింది. ఆయన పేరు పుస్తకంలో ఎక్కడా రాయలేదు. వాళ్లకు శకుంతల అని ఒక కూతురు. పిల్లను చదివించాలని ఎంత తిరిగినా, తల్లి ఎవరో తెలిసి బడిలో చేర్చుకోలేదు. ఆ పిల్ల చిన్నతనంలోనే పోయింది. 1896లో 'బాసన', 1905లో 'కనక్ ఓ నళిని' అని బినోదిని పద్యాల పుస్తకాలు వేసింది. సన్యాసిని బొమ్మ గీసేస్తే ఈ బడి సంగతి మరుగున పడుతుంది. నాకు కోపం వచ్చేది అక్కడే.

"ఆత్మకథ గిరీశ్ ఘోష్ రాసిందే." ఇది అన్నిటికంటే అన్యాయం. 'నా కథ'కు ముందుమాట రాయమని గిరీశ్‌ను ఆమే అడిగింది. ఆయన రాసిచ్చారు. అందులో నిజాలన్నీ లేవని ఈవిడకు నచ్చలేదు, తిరగరాయమంది. ఆయన సరేనన్నారు గానీ 1912 ఫిబ్రవరిలో పోయారు. దాంతో మొదటి ముద్రణ ఆ ముందుమాట లేకుండానే వచ్చింది. సమాజం మీద ఆమె అంత కటువుగా రాయడం ఆయనకు నచ్చలేదన్న సంగతి కూడా ఆ ముందుమాటలోనే తెలుస్తుంది. తను రాసిన పుస్తకాన్ని తనే తప్పుపడతాడా? పైగా ఆయన పోయిన పన్నెండేళ్లకు, 1924లో, 'రూప్ ఓ రంగ' పత్రికలో ఆమె 'నా అభినేత్రి జీవితం' అని మళ్లీ సీరియల్‌గా రాయడం మొదలుపెట్టింది. అదెవరు రాసిపెట్టినట్టు?

"ఆమె కట్టించిన ఆ థియేటర్‌కే ఆమె పేరు." ఈ ముక్క 2024 డిసెంబర్ తర్వాత అతికించింది. కోల్‌కతా స్టార్ థియేటర్‌కు బినోదిని పేరు పెడుతున్నట్టు ముఖ్యమంత్రి మమతా బెనర్జీ అప్పుడు ప్రకటించారు. మంచి పనే. కానీ ఇప్పుడు హాతీబాగాన్‌లో ఉన్న స్టార్, బినోదిని మట్టి మోసిన స్టార్ కాదు. బీడన్ స్ట్రీట్ హాలును 1887లో గోపాల్ లాల్ శీల్ అనే ధనవంతుడు కొనేశాడు, అది ఎమరాల్డ్ థియేటర్ అయింది. తర్వాత ఇంకా ఏవేవో పేర్లు మారి, చివరికి చిత్తరంజన్ అవెన్యూ రోడ్డు కింద పోయింది. స్టార్ వాళ్లు హాలు అమ్మారు గానీ పేరు అమ్మలేదు. ఆ పేరుతోనే హాతీబాగాన్‌లోని కార్న్‌వాలిస్ స్ట్రీట్‌లో కొత్త హాలు కట్టుకుని 1888 మే 25న తెరిచారు. దానికి గిరీశ్, ఎమరాల్డ్‌లో చేరినందుకు తనకు బోనస్‌గా వచ్చిన సొమ్ములోంచి పదహారు వేలు ఇచ్చారు. అప్పటికి బినోదిని స్టేజీ దిగి ఏడాది దాటింది. ఇప్పుడు ఆమె పేరున్న ఆ స్టేజీ మీద నటిగా ఆమె ఒక్క పూట కూడా నిలబడలేదు. 1991లో అది తగలబడితే బాగుచేసి 2004లో మళ్లీ తెరిచారు.

అయితే కార్న్‌వాలిస్ స్ట్రీట్ ఆమె పుట్టిన వీధి. 145వ నంబరు, అమ్మమ్మ ఇల్లు. ఆ రకంగా చూస్తే పేరు ఇంటికే వచ్చింది.

ఇవన్నీ ఫోన్లో చెప్పేసరికి మా అమ్మాయికి టెన్షన్ పట్టుకుంది. వారమే టైముంది, స్క్రిప్టంతా మళ్లీ రాయాలి. సన్యాసం సీను తీసేసింది. హార్మోనియం వచ్చింది, దొర వేషం వచ్చింది. లక్నోలో 'నీల్‌దర్పణ్' (నీలిమందు తోటల తెల్లదొరల దౌర్జన్యాల మీద నాటకం) ఆడుతుండగా తెల్ల సిపాయిలు కత్తులు దూసి స్టేజీ మీదకు దూకిన ముక్క కూడా పెట్టుకుంది. అప్పటికి బినోదినికి పన్నెండేళ్లు. మొదలు మాత్రం 'స్టార్' అన్న మాట వినడంతో పెట్టమన్నాను. ఆ మాట విని, ఏం మాట్లాడకుండా రెండు నిమిషాలు కూర్చోమన్నాను.

"పన్నెండు నిమిషాల్లో రెండు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుంటే డైలాగు మర్చిపోయాననుకుని బెల్లు కొట్టేస్తారు మావయ్యా" అంది.

ముప్పై సెకన్లకు బేరం కుదిరింది.