సొంత కాళ్లకు ట్రైనింగ్

యానాది గిరిజనులకు ఒళ్లొంచి బతకడం నేర్పాలని మన తిరుపతి పెద్దలు నడుం కట్టడం ఎంతైనా హర్షణీయం. సదస్సుకు ఏసీ హాలు, శాలువాలు, భోజనంలో రెండు స్వీట్లు. ‘ఎవరి మీదా ఆధారపడకండి’ అని చెప్పడానికి వచ్చిన ముఖ్య అతిథికి కారు తలుపు తీయడానికి ఒకరు, బ్యాగు మోయడానికి ఒకరు, ఉపన్యాసం రాసిపెట్టడానికి ఇంకొకరు.

ముందుగా కుట్టు మిషన్లు. పేదరికానికి మనకు తెలిసిన మందు అదొక్కటే కదా. సత్యవేడు, శ్రీకాళహస్తి వైపు చెరువు కట్టల కింద గుడిసెల్లో ఉండేవాళ్లకు మిషన్ ఇచ్చి ఫొటో కూడా దిగాం. వానొస్తే దీన్నెక్కడ పెట్టుకోవాలి సార్ అని ఒకామె అడిగింది. చూశారా, ప్రతిదానికీ మనల్నే అడుగుతారు!

ఇక లోను. గిరిజన ఆర్థిక సంస్థ ట్రైకార్ సబ్సిడీ ఉంది, బ్యాంకు ఒప్పుకోవాలి. బ్యాంకు ఒప్పుకోవాలంటే ష్యూరిటీ కావాలి. ష్యూరిటీకి భూమి, భూమికి డీకేటీ పట్టా (సర్కారు భూమిని పేదలకిచ్చే పట్టా), పట్టాకు కుల ధ్రువీకరణ, దానికి ఆధార్, ఆధార్‌కు పుట్టిన తేదీ. పుట్టిన తేదీ లేకుండా పుట్టడం వాళ్ల తప్పే. ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగితే ఎప్పటికైనా ఆ కాళ్ల మీదే నిలబడతారని మన ఉద్దేశం.

చేపలు పట్టడం వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. అందుకే చెరువును వేలం పాటలో డబ్బున్నవాడికి ఇచ్చి, వల లాగే కూలి పని వాళ్లకు వదిలాం.

వేలిముద్రల సంగతే కాస్త చిక్కు. 1911 నాటి నేరస్థ తెగల చట్టం కింద నమోదైనవాళ్ల వేలిముద్రలు తీసుకునే అధికారం తెల్లదొరలకుండేది. ఎరుకలనూ, యానాదుల్లో కొందరినీ ఆ జాబితాలో చేర్చారు. 1952 నాటికి దేశమంతటా అలాంటి చట్టాలు పోయాయి. దొంగల లెక్కకు చక్కగా పడిన వేలిముద్ర, రేషన్ బియ్యానికి మాత్రం మిషన్ మీద పడనంటోంది. మట్టి పనిలో వేళ్లరిగాయట. ఇంత పని చేయమని ఎవరు చెప్పారు?

అసలు గుట్టు వరి చేలో ఉంది. రైతు పిలిస్తే యానాది వస్తాడు. కుండలో గడ్డి రాజేసి, కుండ మూతిని బొరియకు ఆనించి, కన్నం పెట్టిన కుండ అడుగుకు నోరానించి ఊదుతాడు. పొగంతా ఎలుక బొరియలోకి పోతుంది. అప్పుడు తవ్వితే కూరకు ఎలుకలు, అవి లోపల దాచిన వరి కంకులు అన్నానికి. లోను లేదు, సబ్సిడీ లేదు, రైతుకు పంట మిగులుతుంది. ట్రైనింగ్ లేకుండా ఇలా బతికేస్తుంటే మన సదస్సులేం కావాలి? ఆ కుండకు లైసెన్సు, ఊదేవాడికి సర్టిఫికెట్ తప్పనిసరి చేయాలి. బొరియలో దొరికిన ధాన్యానికి ఎలుక పేరిట పట్టాదారు పాసుపుస్తకం ఉందో లేదో కూడా వచ్చే సమీక్షలో తేల్చాలని మనవి.