కూతురికి సూది సరే, తల్లికి పరీక్ష ఏది?

14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) టీకా వేయడానికి తమిళనాడు ప్రభుత్వం 2025-26 బడ్జెట్‌లో రూ.36 కోట్లు ప్రకటించింది. మంచి పని. టీకా సురక్షితం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చిపెట్టే వైరస్ రకాల్లో ముఖ్యమైనవాటిని అది అడ్డుకుంటుంది. ఇందులో మాకు రెండో మాట లేదు. మా కోపమంతా ఈ టీకా సందట్లో చప్పుడు లేకుండా పక్కకు పోతున్న ఇంకో పని గురించి: ఈ క్యాన్సర్‌ను ముందుగా పట్టుకునే పరీక్ష.

వైరస్ సోకాక అది క్యాన్సర్‌గా ముదరడానికి మామూలుగా 15, 20 ఏళ్లు పడుతుంది. అంటే ఇవాళ సూది వేయించుకున్న పిల్లకు ఆ మేలు దక్కేది ఆమె తల్లి వయసుకు వచ్చాక. ఈలోగా ఆ తల్లి సంగతేమిటి? దేశంలో ఏటా లక్షా 20 వేల మందికి పైగా ఈ జబ్బు బారిన పడుతున్నారు, 80 వేల మంది దాకా చనిపోతున్నారు. ఇప్పుడు పోతున్నవాళ్లు టీకా వయసు ఎప్పుడో దాటిపోయిన అమ్మలు, అత్తలు, పెద్దమ్మలు. ముందుగా పరీక్ష చేసి పట్టుకుంటే తప్ప వాళ్లను కాపాడలేం.

30 నుంచి 65 ఏళ్ల ఆడవాళ్లందరికీ ఐదేళ్లకోసారి పరీక్ష చేయాలని కేంద్రం 2016లోనే మార్గదర్శకాలిచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెరిచి చూస్తే, 30-49 ఏళ్ల వాళ్లలో ఒక్కసారైనా పరీక్ష చేయించుకున్నవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. తమిళనాడులో పది మందికి ఒకరు. మిగతావాళ్లకంటే నయమే. దానికే చంకలు గుద్దుకోవాలా? ఆంధ్రప్రదేశ్‌లో నూటికి ఐదుగురు లేరు, తెలంగాణ ఇంకా కింద.

పోనీ, కోట్ల ఖరీదు యంత్రాలు కావాల్సిన పరీక్షా అంటే అదీ కాదు. పలచటి ఎసిటిక్ ఆమ్లంలో ముంచిన దూదిని ముఖద్వారానికి అద్ది, నిమిషం ఆగితే, తేడా ఉన్నచోట తెల్ల మచ్చ తేలుతుంది. శిక్షణ పొందిన నర్సు చాలు. తమిళనాడులోని దిండిగల్ జిల్లాలోనే వేలమందిపై అధ్యయనం చేసి, ఈ పరీక్ష వల్ల మరణాలు 35 శాతం తగ్గాయని 2007లోనే తేల్చారు. దిండిగల్ పల్లెల్లో రుజువైన పని చెన్నై పేటల్లో ప్రతి గడపకూ ఎందుకు చేరలేదు?

ఆడవాళ్లే సిగ్గుపడి రావడం లేదని అధికారులంటారు. కొంత నిజమే కావచ్చు. కానీ చెన్నై వీధులు ఊడ్చేవాళ్లలో తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబాలున్నాయి. తెల్లారేసరికి చీపురు పట్టే ఆ ఇల్లాలు డ్యూటీ దిగాక ఓపీ తెరిచి ఉంటుందా? శ్రీకాకుళం నుంచి బిల్డింగు పనికి వచ్చి రేకుల షెడ్డులో ఉంటున్న మనిషికి తమిళం రాదు. తెల్లబట్ట అవుతోందనో, ముట్లుడిగాక మళ్లీ రక్తం కనబడుతోందనో ఆమె ఎవరితో చెప్పుకుంటుంది? గడియ పడని గదిలో, అడ్డుగా తెర కూడా లేకుండా పడుకోమంటే ఎవరు పడుకుంటారు? దానికి సిగ్గని పేరు పెట్టి చేతులు దులుపుకుంటే ఎలా?

టీకా మీద ఇప్పటికీ అనుమానపడే తెలుగువాళ్లు ఖమ్మం పేరెత్తుతారు. 2009-10లో అక్కడ ఆడపిల్లలకు ఇదే టీకా వేసిన ప్రాజెక్టులో కొందరు పిల్లలు చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణమని తేలలేదు. అసలు తప్పు వేరే ఉంది: అంగీకార పత్రాలపై తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టడం. అప్పుడు తల్లి మాట అడగలేదు. ఇప్పుడు తల్లి ఒంటి సంగతి అడగడం లేదు.

2030 నాటికి 90 శాతం బాలికలకు టీకా, 70 శాతం మహిళలకు పరీక్ష, జబ్బు బయటపడినవాళ్లలో 90 శాతానికి చికిత్స అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన లక్ష్యం. మన పాలకులు మొదటి అంకె చదివి కాగితం మడిచేసినట్టున్నారు. పైగా టీకా ఈ వైరస్ రకాలన్నింటినీ ఆపదు. ఇవాళ్టి పిల్లలకూ రేపు పరీక్ష కావాల్సిందే. కూతురికి సూది వేశాం కదా అని తల్లిని వదిలేస్తే, రేపు ఆ కూతురినీ వదిలేస్తారు.

ప్రతి ఆరోగ్య కేంద్రంలో ఎంతమందికి పరీక్ష చేశారు, ఎంతమందిలో తేడా కనిపించింది, వాళ్లలో ఎంతమందికి చికిత్స పూర్తయింది? టీకాల ప్రకటన ఇచ్చిన ప్రతిసారీ ఈ మూడు అంకెలూ పక్కనే వేయండి. ఉత్త చీటీ రాసి పెద్దాస్పత్రికి పొమ్మన్నవాళ్లను చికిత్స లెక్కలో కలపకండి. ఆ అంకెలు మీ దగ్గర లేకపోతే, లేవని ఒప్పుకుని ఆ తర్వాత ఫొటోలకు నిలబడండి.