సవరణ: ‘డార్లింగ్’లో దెయ్యం ఈషా డియోల్

రామ్ గోపాల్ వర్మ హిందీలో తీసిన ‘డార్లింగ్’ (2007) గురించి మొన్నటి పోస్టులో దెయ్యం పాత్ర ఇషా కొప్పికర్ వేసిందని రాశాను. అది తప్పు. సినిమా టైటిల్స్, అప్పటి రివ్యూలు చూసి సరిచేస్తున్నాను. దెయ్యంగా వచ్చే గీత ఈషా డియోల్. ఇషా కొప్పికర్ వేసింది భార్య అశ్విని పాత్ర.

కథలో హీరో (ఫర్దీన్ ఖాన్) ఇంట్లో పెళ్లాన్ని పెట్టుకుని గీతతో సంబంధం నడుపుతుంటాడు. తను గర్భవతినని గీత చెప్పాక ఇద్దరికీ గొడవై, అందులోనే ఆమె చనిపోతుంది. ఆ తర్వాత దెయ్యమై అతనికి మాత్రమే కనిపిస్తుంది. పక్కన భార్య ఉండగా ఆ దెయ్యంతో వేగలేక అతను పడే టెన్షన్‌లోనే ఈ సినిమా కామెడీ అంతా ఉంది. భయపెడుతూనే నవ్వించిన ఆ పాత్రకు మెచ్చుకోలు ఈషా డియోల్‌కే దక్కాలి.

ప్రభాస్ ‘డార్లింగ్’ (2010)కి దీనితో పేరు తప్ప ఏ సంబంధమూ లేదు.