ఇంటర్వ్యూ లేని ఉద్యోగం అంటే జనం లేని ఉద్యోగం కాదండీ బాబూ

"అబ్బాయి నోట్లో నాలుక లేనివాడు, ఎవరితో కలవడు, వాడికి బ్యాంకు జాబ్ అయితే హాయిగా ఉంటుంది" అని సలహా ఇచ్చే పెద్దోళ్ళందర్నీ నెల మొదటి వారంలో ఒక్కరోజు బ్యాంకు కౌంటర్ వెనకాల కూర్చోబెట్టాలని ఉంది నాకు. పెన్షన్ కోసం వచ్చిన పెద్దాయన పాస్‌బుక్ ప్రింట్ పడలేదని అరుస్తుంటాడు, లైన్లో వెనకున్నాయన ఎంతసేపండీ అంటాడు, సర్వర్ డౌన్, మధ్యలో మేనేజర్ వచ్చి ఈ నెల ఇన్సూరెన్స్ పాలసీలు ఎన్ని చేయించావ్ అంటాడు. మనం ఎస్‌బీఐ క్లర్క్ అని పిలుచుకునే పోస్టుకి నోటిఫికేషన్‌లో ఉండే పేరు జూనియర్ అసోసియేట్, పక్కనే కస్టమర్ సపోర్ట్ అండ్ సేల్స్ అని కూడా ఉంటుంది. సలహాలిచ్చేవాళ్ళు నోటిఫికేషన్లు చదవరు కదా, అదీ బాధ.

ఈ సలహా ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు తెలుసు. క్లర్క్ పోస్టుకి ఇంటర్వ్యూ ఉండదు, అంతే. లోపలికి వెళ్ళేటప్పుడు మాట్లాడక్కర్లేదు కాబట్టి లోపలికెళ్ళాక కూడా మాట్లాడక్కర్లేదు అనేసుకుంటారు. కేంద్రం 2016 జనవరి 1 నుంచి గ్రూప్ సి, గ్రూప్ డి, నాన్ గెజిటెడ్ గ్రూప్ బి పోస్టులకి ఇంటర్వ్యూలు తీసేసింది, డీఎస్సీకి ఇంటర్వ్యూ లేదు, తెలంగాణలో 2022 గ్రూప్-1 నోటిఫికేషన్‌కే ఇంటర్వ్యూ ఎత్తేశారు. మంచిదే, నేనేం కాదనను, నోరు లేని పిల్లలకి మార్కులైనా న్యాయంగా వస్తాయి. కానీ గ్రూప్-1 కొట్టి డిప్యూటీ కలెక్టర్ అయ్యాక ధర్నా చేస్తున్న జనం ముందు నిలబడి మాట్లాడాల్సింది నువ్వే కదా.

నా ఫ్రెండ్ ఒకమ్మాయి ఉంది, కాలేజీలో సెమినార్ అంటే జ్వరం తెచ్చుకునేది. 2019లో ఏపీలో గ్రామ సచివాలయాల పోస్టులు పడితే రాత పరీక్ష ఒక్కటే అని ఎగిరి గంతేసి రాసింది, వచ్చింది కూడా. చేరాక రోజంతా జనమే, సర్వేలు అని ఇంటింటికీ తిరగడం, సర్టిఫికెట్ రాలేదని నిలదీసేవాళ్ళకి జవాబు చెప్పడం. 2024 జులై 1న వాలంటీర్లు లేకుండా సచివాలయ ఉద్యోగులతోనే ఇళ్ళకి పింఛన్లు పంచించారు చూడండి, బకాయిలతో కలిపి ఏడేసి వేలు, ఆ ముందురోజు రాత్రి ఈ పిల్ల డబ్బులు లెక్కపెట్టుకుంటూ రేపు ఎవరింట్లో ఏం మాట్లాడాలో కాగితం మీద రాసుకుంది. వింటే నవ్వొస్తుందేమో, నాకైతే రాలేదు, ఎందుకంటే నేనూ అదే జాతి.

సాఫ్ట్‌వేర్‌ది సరిగ్గా ఉల్టా. గుంపుగా కూర్చోబెట్టి చర్చించమనే జీడీ అంటారు, ఇచ్చిన టాపిక్ మీద నిమిషం ఆగకుండా మాట్లాడమనే జామ్ రౌండ్ అంటారు, టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్ అంటారు, ఆ గేటు దగ్గరే సగం మంది మంచి కోడర్లు వెనక్కొచ్చేస్తారు. దాటి లోపలికెళ్ళిన వాళ్ళకి కాస్త ప్రశాంతమే, అదీ ప్రాజెక్టుని బట్టి. డెవలప్‌మెంట్‌లో పడితే పొద్దున స్టాండప్ అనే చిన్న మీటింగ్‌లో రెండు ముక్కలు చెప్పి తలుపేసుకోవచ్చు. సపోర్ట్ ప్రాజెక్ట్‌లో పడితే అర్ధరాత్రి పీ1 టికెట్, అంటే అన్నిటికన్నా అర్జెంటు కంప్లయింట్, అందరూ ఒకే లైన్లోకొచ్చే బ్రిడ్జ్ కాల్‌లో ఇరవై మంది, అందరూ నీ పేరే పిలుస్తుంటారు. ఇద్దరిదీ ఒకటే కంపెనీ, ఒకటే ప్యాకేజీ, ఊళ్ళో ఇద్దర్నీ సాఫ్ట్‌వేరే అంటారు.

నేను ఫార్మా కంపెనీలో క్యూసీ, అంటే మందుల నాణ్యత పరీక్షించే పని. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి ఇటొచ్చా. మొబైల్ ఫేజ్ అనే ద్రావణం కలుపుకోవడం, హెచ్‌పీఎల్‌సీ అనే టెస్టింగ్ మిషన్‌లో శాంపిళ్ళ సీక్వెన్స్ పెట్టడం, అదిచ్చే గ్రాఫులు, అవే క్రొమాటోగ్రామ్‌లు, చూసుకోవడం, లాగ్‌బుక్ రాయడం, షిఫ్టంతా మిషన్‌తోనే. ఇంట్లో "ఆ ల్యాబులో ఎవరితో మాట్లాడతావే" అని జాలిపడతారు, నాకేమో అదే బోనస్. అలా అని ఇది స్వర్గం అనుకోకండి, రిజల్ట్ స్పెసిఫికేషన్ దాటితే ఇన్వెస్టిగేషన్ అని కూర్చోబెట్టి అడుగుతారు, ఆడిట్ వస్తే ఇన్‌స్పెక్టర్ నేరుగా మన ముందుకే వచ్చి ఈ పేజీ ఎవరు రాశారు అంటాడు. కానీ ఒక తమాషా చెప్తా, ఆడిట్ ట్రైనింగ్‌లో మాకు నేర్పేదేంటంటే అడిగినదానికే జవాబు చెప్పు, ఒక్క ముక్క ఎక్కువ చెప్పకు, తెలియకపోతే ఎస్ఓపీ, అంటే పని ఎలా చెయ్యాలో రాసిపెట్టిన కాగితం, తీసి చూపించు. వసపిట్టల్ని ఆ రోజు ఆడిటర్ దరిదాపులకి కూడా రానివ్వరు! జీవితంలో మొదటిసారి నా మౌనానికి గిరాకీ వచ్చింది అక్కడే. 2025 మేలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇకపై విదేశీ ప్లాంట్లకి చెప్పకుండా వచ్చే తనిఖీలు పెంచుతామని ప్రకటించింది, ఆ రాత్రి మాత్రం నాకు నిద్ర లేదు.

నా పాయింటు అక్కడే ఉంది. మాలాంటోళ్ళని చంపేది మనుషుల లెక్క కాదు, చెప్పాపెట్టకుండా మీదకి రావడం. అరవై మంది పిల్లలున్న క్లాసు నడిపే మొహమాటస్తులైన టీచర్లు బోలెడుమంది, ఎందుకంటే పాఠం రాత్రే ప్రిపేర్ అవ్వచ్చు, పీరియడ్ ఎప్పుడో తెలుసు, బెల్లు కొడితే అయిపోతుంది. అదే టీచరమ్మ పేరెంట్స్ మీటింగ్ అంటే వణుకుతుంది. కాబట్టి ఉద్యోగం చూసేటప్పుడు ఎంతమందితో పని అని కాదు, ఫోన్ ఎవరెత్తాలి, అడిగినవెంటనే అక్కడికక్కడే చెప్పాలా, చూసి మెయిల్‌లో చెప్పొచ్చా అని కనుక్కోండి. ఆ పనిలో రెండేళ్ళుగా ఉన్నవాళ్ళని ప్యాకేజీ తర్వాత అడుగుదురుగానీ, ముందు మీకు వచ్చిన పరమ చెత్త రోజు ఎలా ఉందో చెప్పమని అడగండి. కాల్ చెయ్యలేకపోతే వాట్సాప్‌లో అడగండి, నేనైతే అంతే.

ఇంకో సంగతి, ఇంట్రోవర్ట్‌నీ యాంగ్జైటీనీ ఒకే గాటన కట్టేస్తున్నారు. పెళ్ళికెళ్ళి పదిమందితో బానే మాట్లాడి, ఇంటికొచ్చి తలుపేసుకుని పడుకునేవాడు ఇంట్రోవర్ట్, వాడికే రోగమూ లేదు. పెళ్ళి వారం ఉందనగానే కడుపులో తిప్పడం మొదలైతే అది వేరే లెక్క, దానికి ఉద్యోగం మార్చితే పోదు, ఒంటరి గదిలో పని ఇచ్చినా మేనేజర్ ఒట్టి "ఓకే" అని పంపిస్తే కోపమొచ్చిందేమో అని గంటసేపు నలుగుతారు. దానికి డాక్టర్లున్నారు, ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీలున్నాయి, టెలిమానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 ఉంది, 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టారు, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ఫోనంటేనే భయపడేవాళ్ళకి ఫోన్ నంబరిచ్చారు అని నవ్వకండి, నేనూ నవ్వాను, కానీ అటువైపు వాళ్ళు అలాంటి కాల్స్ కోసమే కూర్చుంటారు. ఇక "నోరున్నవాడిదే రాజ్యం" అని మా ఇంట్లో ఎవరైనా మొదలెడితే పీవీ గారి పేరు చెప్పి ఊరుకుంటా, మైనారిటీ ప్రభుత్వంతో మొదలుపెట్టి అయిదేళ్ళూ నడిపారాయన, ఎంత తక్కువ మాట్లాడేవారో అందరికీ తెలుసు.

ఇదంతా ఇప్పుడెందుకంటే మా పిన్ని కొడుకు బీఎస్సీ అయ్యాక అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ నేర్చుకున్నాడు. అమెరికా పేషెంట్ల చార్టులు చదివి జబ్బులకి ఐసీడీ కోడ్లు వెయ్యడం, రోజుకింత అని టార్గెట్ ఉంటుంది, తప్పులు పట్టుకుంటారు, కానీ చదువుకుంటూ చేసే పని, వాడికి చక్కగా సరిపోతుంది. ఇంటర్వ్యూకి వెళ్తే కోడింగ్‌లో ఖాళీల్లేవు, ఆర్నెల్లు ఏఆర్ కాలింగ్‌లో చెయ్యి, తర్వాత మారుస్తాం అన్నారంట. ఏఆర్ కాలింగ్ అంటే రాత్రంతా అక్కడి ఇన్సూరెన్స్ కంపెనీలకి ఫోన్లు చేసి క్లెయిమ్ ఎందుకు ఆపారని నిలదీయడం. అదే ఆఫీసు, అదే ఫ్లోరు, పని మాత్రం వాడు పారిపోయి వచ్చినదే. పిన్నేమో "వచ్చిన ఆఫర్ వదులుకుంటారట్రా" అని వాడి మీద, నేను చెడగొడుతున్నానని నా మీద. నేను వదులుకోమనలేదు. ఆర్నెల్ల తర్వాత కోడింగ్‌కి మారుస్తామన్న మాటని ఆఫర్ లెటర్‌లో రాసివ్వమని హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టరా అన్నా. మెయిల్ రాయడం వాడికి బాగా వచ్చు.