పక్కరేకు వేడెక్కితే ఫ్రిజ్ పాడైనట్టు కాదు

ఫ్రిజ్ పక్కలు వేడెక్కుతున్నాయంటే లోపలి ఇన్సులేషన్ దెబ్బతిన్నట్టేనని ఫ్రిజ్‌ల గురించిన ఒక వ్యాసంలో రాశారు. ఆ మాట అన్ని ఫ్రిజ్‌లకూ వర్తించదు. ఇప్పుడు వస్తున్న చాలా మోడళ్లకు వెనకవైపు నల్లటి జాలీ ఉండదు. లోపలి వేడిని బయటికి వదిలే కండెన్సర్ గొట్టాన్ని పక్కరేకు లోపలివైపు అతికించి, ఆ రేకుకూ లోపలి ప్లాస్టిక్ తొడుగుకూ మధ్య ఇన్సులేషన్‌గా పాలీయురేథేన్ నురగ నింపుతారు కనుక, కంప్రెసర్ నడుస్తున్నంతసేపూ రేకు వెచ్చబడడం సహజం. ద్రవంగా పోసిన మిశ్రమం చూస్తుండగానే పొంగి, మూలమూలకూ పాకి, గట్టిపడి రెండు గోడలనూ ఒక్కటిగా పట్టేస్తుంది. రేకు చాలా పలచన; పెట్టెకు బిగువు వచ్చేది ప్రధానంగా ఆ నురగ వల్లనే.

మా బరంపురం వంటి సముద్రతీరపు ఊళ్లలో అసలు చిక్కు తేమతోనే. తలుపు ఆనే చట్రం చెమర్చకుండా చాలా ఫ్రిజ్‌లలో దాని వెనుకగా వేడి గొట్టాన్ని తిప్పుతారు. అయినా ఒకేచోట నీటిబొట్లు నిలుస్తూ ఉంటే ముందు తలుపు రబ్బరును పరీక్షించాలి: తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగినప్పుడు అది సులువుగా జారివస్తే పట్టు సడలినట్టే. రబ్బరు బాగుంటేనే నురగలో తడి చేరిందేమోనని అనుమానించాలి. నురగ ఉష్ణవాహకత మీటరు-కెల్విన్‌కు సుమారు 0.02 వాట్లు, నీటిది సుమారు 0.6, కాబట్టి తడి చేరిన భాగం చలిని ఆపలేదు. స్టెబిలైజర్ తగిలించడానికని పక్కరేకుకు మరలు కొట్టేవారు మా వీధిలోనే ఉన్నారు. తేమ సంగతి అటుంచి, ఆ మర లోపలి గొట్టానికి తగిలితే గ్యాసంతా పోతుంది.