ఎవరూ ఆడటం లేదట!

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఈ ఉదయం ఒక శుభవార్త వచ్చింది. పార్కు పక్కనున్న బాస్కెట్‌బాల్ కోర్టును తీసేసి, చుట్టూ వల కట్టి, పచ్చ తివాచీ పరిచి, బాక్స్ క్రికెట్‌కు అద్దెకిస్తారట. వచ్చే డబ్బు కాలనీ అభివృద్ధికట. కారణం కూడా రాశారు పాపం: "బాస్కెట్‌బాల్ ఎవరూ ఆడటం లేదు కనుక." దాని కింద వరసగా చప్పట్ల బొమ్మలు, దండాల బొమ్మలు. నేను పాల ప్యాకెట్టు కోసం కిందికి దిగేసరికి గ్యాస్ కట్టర్ పెట్టి ఒక పోల్ కోసేస్తున్నారు. మా వీధి మొగలో గుంత పూడ్చమని ఏడాదిగా మొత్తుకుంటుంటే కదలని సంఘం, పోల్ కోయడానికి మాత్రం సూర్యోదయం దాకా కూడా ఆగలేకపోయింది.

ఎవరూ ఆడటం లేదట! ఎలా ఆడతారండీ? రింగుకు నెట్ ఊడిపోయి ఎన్నేళ్లయిందో సంఘంలో ఒక్కరికీ గుర్తు లేదు. ఒక బోర్డు కింద ఎప్పుడూ రెండు కార్లు ఉంటాయి. అందులో ఒకటి కవరు కప్పుకుని సమాధి స్థితిలోకి వెళ్లిపోయి చాలాకాలమైంది. రెండో బోర్డు కింద ఎండాకాలమంతా వడియాలు, పెళ్లిళ్ల కాలమంతా వంటగాళ్ల పొయ్యిలు. షామియానా గుంజల కోసం గునపంతో పొడిచిన గుంతలు కోర్టు నిండా ఉన్నాయి. ఇవన్నీ తప్పించుకుంటూ ఇద్దరు పిల్లలు బంతి కొడితే, కింది అంతస్తు పెద్దాయన బాల్కనీలోకి వచ్చి "ఆ దబదబలేమిటర్రా, నా బీపీ పెరిగిపోతోంది" అంటారు. ఆయనే ఐపీఎల్ రోజుల్లో రాత్రి పదకొండింటికి సిక్సర్ పడితే భవనం దద్దరిల్లేలా అరుస్తారు. ఆ అరుపుకు బీపీ పెరగదు కాబోలు.

గ్రూపులో నేను ఒక్క మాట అన్నానంతే, వెంటనే ఒకాయన తీర్పు చెప్పేశారు: "మనవాళ్ల ఎత్తుకు ఆ ఆట సరిపడదండీ." ఈ ముక్క చిన్నప్పటి నుంచి వింటున్నాను. పెళ్లి సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు ప్రతి ఇంట్లోనూ ఆరడుగుల అబ్బాయే ఉంటాడు. బోర్డు కిందికి రమ్మంటే మాత్రం జాతి మొత్తం పొట్టిదైపోతుంది! ఫిలిప్పీన్స్ వాళ్లు మనకంటే పొడగరులేమీ కారు. అక్కడ బాస్కెట్‌బాల్ అంటే ప్రాణం పెడతారు. పల్లెల్లో కొబ్బరి చెట్టుకు రింగు కొట్టి, కాళ్లకు చెప్పులేసుకునే ఆడేస్తారు. 2023 ప్రపంచకప్ తొలిరోజు అక్కడి స్టేడియానికి 38,115 మంది వచ్చారు, ఆ టోర్నీ చరిత్రలోనే రికార్డు అది. మరి మన కోనసీమలో కొబ్బరి చెట్లకేమైనా కొదవా? మగ్సీ బోగ్స్ ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 14 సీజన్లు ఆడాడు. ఈ సంగతి గ్రూపులో రాస్తే ఆ తీర్పరి గారు ఒక నవ్వు బొమ్మ పెట్టి "శుభోదయం" పూలగుత్తి పంపించారు.

నిజం చెప్పాలంటే మన దగ్గర దీనికి అడ్డు మనుషుల ఎత్తు కాదు, నేల. కబడ్డీకి ముగ్గుతో గీత గీస్తే చాలు, మిగతాదంతా కూతే. వాలీబాల్‌కు రెండు సరుగుడు కర్రలు, ఒక నెట్ దొరికితే ఊరి చెరువు గట్టు కూడా కోర్టే. అందుకే ఆ ఆట పల్లెల్లో బతికింది. మన పి.వి. సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులే, తండ్రి రమణ గారికి 2000లో అర్జున కూడా వచ్చింది. బాస్కెట్‌బాల్‌కు అలా కుదరదు. మట్టిలో బంతి లేవదు, లేచినా గులకరాయి తగిలి పక్కింటి గేదె దగ్గరికి పోతుంది. గట్టి సిమెంటు నేల కావాలి, పదడుగుల ఎత్తున ఊగకుండా నిలిచే రింగు కావాలి. అది పోయగలిగింది వైఎంసీఏలు, మిషనరీ బడులు, రైల్వే కాలనీలు, కంటోన్మెంట్లు. మిగిలిన ఊళ్లకు ఆ ఆట సినిమాలోనే తెలుసు. కాలేజీ సీనులో హీరో చేతిలో బంతి ఉంటుంది, కథానాయిక చూస్తున్నప్పుడు వెనక్కి తిరిగి విసిరినా రింగులో పడుతుంది.

అందువల్లే ఉన్న ఒక్క సిమెంటు ముక్కను కోసేస్తుంటే నాకు కడుపు మండుతోంది. క్రికెట్‌కు సందు చాలు, మేడ మీది ఖాళీ చాలు, చివరికి వసారా కూడా చాలు. ఎక్కడైనా బతకగలిగిన ఆటకు ఇంకో చోటు ఇవ్వడం కోసం, ఒకే ఒక్క చోట బతకగలిగిన ఆటను చంపాలా? క్రికెట్ అంటే నాకూ ఇష్టమే, సిరాజ్ వికెట్ తీస్తే నేనూ కుర్చీలోంచి లేస్తాను. ఈ వాక్యం రాయకపోతే వ్యాఖ్యల్లో నన్ను దేశద్రోహిని చేస్తారని తెలిసి ముందే రాసి పెడుతున్నాను.

వారణాసిలో ఒకే ఇంట్లోని అక్కచెల్లెళ్లలో నలుగురు, దివ్య, ప్రశాంతి, ఆకాంక్ష, ప్రతిమ, భారత బాస్కెట్‌బాల్ జట్టుకు ఆడారు. ఒకే ఇంట్లోంచి నలుగురండీ! ప్రశాంతికి 2017లో అర్జున, 2019లో పద్మశ్రీ వచ్చాయి. మీలో ఎందరికి తెలుసు ఈ పేర్లు? ఒక్క ప్రతిమ పేరు మాత్రం కొందరికి తెలిసి ఉంటుంది. ఎందుకంటే 2016లో ఆమె పెళ్లి చేసుకుంది ఇషాంత్ శర్మను. దేశం తరఫున ఆడిన క్రీడాకారిణి మన ఇళ్లలోకి ఒక బౌలర్ గారి భార్యగా వచ్చింది. ఆ రోజు నాకు ఎంత ఒళ్లు మండిందో ఇప్పుడు రాస్తున్నా అంతే మండుతోంది.

2014 జులైలో వుహాన్‌లో మన పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు చైనాను ఓడించింది. చైనాను, చైనా గడ్డ మీద, 65–58తో! అదే టోర్నీలో మన ఆటగాళ్లు అమృత్‌పాల్, అమ్‌జ్యోత్‌లను తలపాగాలు తీసి ఆడమన్నారు. ఆ నిబంధన మారడానికి 2017 దాకా పట్టింది. క్రికెట్‌లో ఇలాంటిది ఒక్కటి జరిగి ఉంటే టీవీల్లో వారం రోజులు అరుపులు వినలేక చెవుల్లో దూది పెట్టుకునేవాళ్లం. దీనికి మాత్రం పేపర్లో చిట్టచివరి కాలమ్, అది కూడా పళ్లపొడి ప్రకటనకు పైన.

మన బాస్కెట్‌బాల్ సమాఖ్య పెద్దల సంగతి చెప్పనే అక్కర్లేదు. 2010లో ఐఎంజీ–రిలయన్స్ అనే క్రీడా వ్యాపార సంస్థతో 30 ఏళ్ల ఒప్పందం చేసుకున్నారు. ఇక బాస్కెట్‌బాల్‌కు మహర్దశే అనుకున్నాం. ఆ సంస్థ 2014లో లీగ్ తెచ్చింది, నిజమే. ఫుట్‌బాల్‌కు! అదే ఏడాది కబడ్డీకి లీగ్ వచ్చింది, మన తెలుగు టైటాన్స్ కూడా వచ్చేసింది. మన సమాఖ్య వాళ్లు మాత్రం 2015లో రెండు వర్గాలుగా చీలి, అసలు సమాఖ్య మాదంటే మాదని కొట్టుకున్నారు. వేరేవాళ్లు పెట్టిన యూబీఏ అనే బాస్కెట్‌బాల్ లీగ్‌లో 'హైదరాబాద్ స్కై' అని మన జట్టొకటి ఉండేది, గుర్తుందా? గుర్తుండదు లెండి. 2017 తర్వాత ఆ లీగే లేదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లయినా ఈ ఆటను పట్టించుకుంటారనుకుంటే అదీ లేదు. పంజాబ్‌లోని బల్లో కే అనే పల్లె నుంచి సత్నామ్ సింగ్ వెళ్లి 2015లో ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట, ఎంపికయ్యాడు. మన దేశం నుంచి అతనే మొదటివాడు. డాలస్ మావెరిక్స్ తీసుకుంది, ఆ తర్వాత ఫ్రిస్కోలోని టెక్సాస్ లెజెండ్స్‌కు ఆడాడు. ఫ్రిస్కో అంటే తెలుసుగా, వీధికి నాలుగు తెలుగు ఇళ్లుండే ఊరు. అక్కడే ఉన్న మా బావను ఫోనులో అడిగాను, "చూశావా బావా సత్నామ్‌ని?" అని. "ఎవరు, కొత్తగా వచ్చిన హెచ్1 కుర్రాడా?" అన్నాడు. ఆయనకు శనివారం క్రికెట్, ఆదివారం క్రికెట్ గురించి చర్చ. డాలస్ పక్కన గ్రాండ్ ప్రెయిరీలో ఏకంగా బేస్‌బాల్ స్టేడియాన్నే క్రికెట్ స్టేడియంగా మార్చేశారు. 2023లో అక్కడ లీగ్ మొదలైంది. అమెరికావాడి బేస్‌బాల్‌కే దిక్కు లేనప్పుడు మా కాలనీ కోర్టు ఏపాటి!

ఇంతకూ ఈ ఆటను కనిపెట్టింది ఎవరో తెలుసా? 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఒక డ్రిల్లు మాస్టారు. చలికాలంలో గదిలో మగ్గిపోతున్న కుర్రాళ్ల కోసం నైస్మిత్ గారు పీచ్ పళ్ల బుట్టలు రెండు మేకులు కొట్టి వేలాడదీశారు. ఆయన మన ఊళ్లో పుట్టి ఉంటే ఏమయ్యేదో నాకు బాగా తెలుసు. ఆయన డ్రిల్లు పీరియడ్‌ను లెక్కల మాస్టారు లాక్కునేవారు. ఆయన్ను ఫీజు కట్టనివాళ్ల జాబితా పట్టుకుని క్లాసులు తిరగమనేవారు. ఖాళీ ఉంటే పరీక్షల కాపలాకు పంపేవారు.

నేను ఇంటర్ చదివిన కాలేజీ ఐదంతస్తుల భవనం, కింద మోటారు సైకిళ్ల దుకాణం. బ్రోషర్‌లో మాత్రం పచ్చని మైదానం ఫోటో ఉండేది. ఆ మైదానం ఏ దేశంలో ఉందో మా ప్రిన్సిపాల్‌కు కూడా తెలియదు. కోర్టు కొలత 28 మీటర్లు, 15 మీటర్లు, అంటే సుమారు 500 గజాలు. ఐదు వందల గజాల్లో ఎన్ని సెక్షన్లు కూర్చోబెట్టవచ్చో, ఎన్ని ర్యాంకులు పండించవచ్చో లెక్కేసుకునేవాళ్లకు రింగు కనిపిస్తుందా? అదే చదువు చదివి, అదే లెక్కలు నేర్చుకుని, ఇప్పుడు వాళ్లే కాలనీ సంఘాల్లో కార్యదర్శులయ్యారు. వాళ్ల పిల్లలు ఉదయం ఐదింటికి ఫౌండేషన్ క్లాసుకు వెళ్లి రాత్రి తొమ్మిదింటికి వస్తారు. అందుకే, నిజంగానే, ఎవరూ ఆడటం లేదు.

మేం హాస్టల్ మేడ మీద నీళ్ల ట్యాంకు గోడకు బొగ్గుతో గుండ్రం గీసుకుని ఆడేవాళ్లం. ఒక రాత్రి వార్డెన్ గారు వచ్చి నా బంతి లాక్కుని, "ర్యాంకు వచ్చాక ఇస్తాను" అని గదిలో బీరువా మీద పెట్టారు. సార్, ఈ పోస్టు మీ దాకా వస్తే, ర్యాంకు రాలేదు, ఇక వచ్చే వయసూ కాదు. బంతి ఇప్పించండి. పంపు నేనే తెచ్చుకుంటాను.